జెట్ ఇంజిన్ హాట్ కరోజన్‌ను కాలేజీ ల్యాబులో పరీక్షించడం ఎలా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో మెకానికల్, మెటలర్జీ, ఏరోనాటికల్ చదివే మీరు ఫైనలియర్ ప్రాజెక్టుకు హాట్ కరోజన్, అంటే తీవ్రమైన వేడిలో కరిగిన ఉప్పు లోహాన్ని తినేయడం, ఎంచుకున్నారనుకుందాం. మంచి ఎంపికే. వెయ్యి డిగ్రీల దాకా వెళ్లే మఫిల్ ఫర్నేసు, పదో వంతు మిల్లీగ్రాము చూపే తూకం, నాలుగు ముక్కల సూపర్ అల్లాయ్ (తీవ్ర వేడిని తట్టుకునే లోహమిశ్రమం) ఉంటే పని మొదలవుతుంది. అయితే ఒక చిక్కుంది. ఇలాంటి ప్రాజెక్టుల రిపోర్టు ఏది తెరిచినా మొదటి పేజీలో జెట్ ఇంజిన్ బొమ్మ కనిపిస్తుంది. లోపల చేసిన పరీక్ష మాత్రం చాలాసార్లు ఫర్నేస్ ఆయిల్ మండించే బాయిలర్‌కు సంబంధించినది. సీనియర్ వాడిన ఉప్పునే జూనియర్ వాడతాడు, సీనియర్ పెట్టిన ఉష్ణోగ్రతే పెడతాడు. ఆ రెంటినీ మీ ఇంజిన్‌ను బట్టి మీరే తేల్చుకోవాలి. పరీక్ష బలమంతా అక్కడే ఉంది. మిగతాదంతా ఓపిక, శుభ్రత.

ముందు ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందో అర్థం చేసుకోండి

ఇంధనంలో గంధకం ఉంటుంది. జెట్ ఏ-1 ప్రమాణం బరువులో 0.30 శాతం దాకా ఒప్పుకుంటుంది. బంకులో దొరికే బీఎస్-6 డీజిల్‌లో పరిమితి 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది). విమాన ఇంధనానికి అది 3000 పీపీఎం, అంటే 300 రెట్లు. రిఫైనరీల నుంచి వచ్చే సరుకులో మామూలుగా అంతకంటే తక్కువే ఉంటుంది, కానీ పరిమితి మాత్రం అదే. టేకాఫ్‌లో ఏ320 వంటి విమానపు టర్బోఫాన్ ఇంజిన్ ఒకటి సెకనుకు దాదాపు కిలో ఇంధనం తాగుతుంది. పరిమితి దగ్గరున్న ఇంధనమైతే సెకనుకు మూడు గ్రాముల గంధకం మండి, సల్ఫర్ డయాక్సైడ్‌గా, కొంత ట్రయాక్సైడ్‌గా టర్బైన్ గుండా పోతుంది.

గాలిలో సముద్రపు ఉప్పు ఉంటుంది. ఇంజిన్ సెకనుకు వందల కిలోల గాలి లాగుతుంది కాబట్టి, గాలిలో ఉప్పు లవలేశమే ఉన్నా లోపలికి చేరేది తక్కువేమీ కాదు. గన్నవరంలో దిగే విమానం కంటే విశాఖలోని నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగ నుంచి లేచి సముద్రం మీద తక్కువ ఎత్తులో తిరిగే విమానానికి ఈ బెడద ఎక్కువ. తీరప్రాంత స్థావరాల్లో ఇంజిన్లను శుద్ధి చేసిన నీళ్లతో కడిగేది ఇందుకే. వియత్నాం యుద్ధకాలంలో సముద్రం మీద ఎగిరిన సైనిక విమానాల ఇంజిన్లు దారుణంగా తుప్పు పట్టాకే ఈ విషయం మీద గట్టి పరిశోధన మొదలైంది.

దహన గదిలో ఈ రెండూ కలుస్తాయి. సోడియం క్లోరైడ్, సల్ఫర్ ఆక్సైడ్, ఆక్సిజన్, నీటి ఆవిరి కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా పోతుంది. ఆ సోడియం సల్ఫేట్ బ్లేడు మీద పేరుకుని కరుగుతుంది. లోహాన్ని కాపాడే క్రోమియం ఆక్సైడ్, అల్యూమినియం ఆక్సైడ్ పొర ఆ ద్రవంలో కరిగిపోతుంది. ఈ కరుగుదలను ఫ్లక్సింగ్ అంటారు. 1970లో గోబెల్, పెటిట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నికెల్ మీద సోడియం సల్ఫేట్ చేసే దాడిని ఈ దారిలో వివరించారు. మీ రిపోర్టులో సిద్ధాంతం అధ్యాయానికి అదే పునాది.

మరి వనేడియం సంగతి? చాలా ప్రాజెక్టుల్లో 40 శాతం సోడియం సల్ఫేట్, 60 శాతం వనేడియం పెంటాక్సైడ్ మిశ్రమం వాడతారు. అది 550 డిగ్రీల దరిదాపుల్లోనే కరుగుతుంది కాబట్టి దాడి ఉధృతంగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. కానీ వనేడియం ఉండేది ముడిచమురు శుద్ధిలో అడుగున మిగిలే బరువు నూనెల్లో. ఫర్నేస్ ఆయిల్ వాడే బాయిలర్లకు, బరువు నూనెతో నడిచే టర్బైన్లకు ఆ పరీక్ష సరిగ్గా నప్పుతుంది. కిరోసిన్ కోవకు చెందిన విమాన ఇంధనంలో వనేడియం లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి శీర్షికలో "జెట్ ఇంజిన్" ఉంటే వనేడియం సీసా జోలికి పోకండి. దాని పొడి పీలిస్తే విషం కూడా.

ఉష్ణోగ్రత: ఎక్కువైతే దాడి ఎక్కువ అనుకోవద్దు

సోడియం సల్ఫేట్ 884 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. 850 నుంచి 950 మధ్య జరిగే దాడిని టైప్-1 అంటారు. అక్కడ ఆక్సైడ్ పొర కింద లోహంలోకి గంధకం చొరబడి సల్ఫైడ్లు ఏర్పడతాయి. ఇంకా పైకి పోతే ఉప్పు నిలవదు, ఆవిరైపోతుంది. అక్కడినుంచి మామూలు ఆక్సీకరణదే పెత్తనం. అందుకే 1100 డిగ్రీలు పెట్టి "తీవ్ర పరిస్థితి" అని రాస్తే, తెలిసిన ఎగ్జామినర్ వైవాలో మొదటి ప్రశ్న అక్కడే వేస్తారు.

650 నుంచి 800 మధ్య జరిగేది టైప్-2. సోడియం సల్ఫేట్ ఒక్కటే అయితే ఆ వేడికి కరగదు. చుట్టూ వాయువులో సల్ఫర్ ట్రయాక్సైడ్ ఉంటే లోహంలోని కోబాల్ట్, నికెల్ కూడా సల్ఫేట్లుగా మారి దానితో కలుస్తాయి. కోబాల్ట్ సల్ఫేట్‌తో కలిసిన మిశ్రమం 565 దగ్గరే, నికెల్ సల్ఫేట్‌తో కలిసింది 671 దగ్గర కరుగుతుంది. లోహం మీద గుంటలు పడతాయి. ఈ పరీక్షకు ఫర్నేసులోకి సల్ఫర్ డయాక్సైడ్ కలిపిన గాలి పంపాలి, బయటికొచ్చే వాయువును క్షార ద్రావణంలో కడగాలి. ఆ ఏర్పాటు లేని ల్యాబులో దీనికి పూనుకోవద్దు. మామూలు గాలి ఉన్న మఫిల్ ఫర్నేసులో 700 డిగ్రీలు పెట్టి "టైప్-2 పరీక్ష చేశాం" అని రాయడం కూడా తప్పు.

కాబట్టి మీ చేతిలో ఉన్నది టైప్-1. ఉష్ణోగ్రత 900. ఉప్పుకు రెండు దారులున్నాయి: ఒట్టి సోడియం సల్ఫేట్, లేదా బరువులో 75 శాతం సోడియం సల్ఫేట్, 25 శాతం సోడియం క్లోరైడ్. మారకుండా మిగిలిన ఉప్పు రేణువులు కూడా బ్లేడును తాకే సముద్ర పరిస్థితికి రెండోది దగ్గర. క్లోరైడ్ ఆక్సైడ్ పొరను పగలగొట్టి, పెచ్చులూడేలా చేస్తుంది. వీలైతే రెండూ చేయండి. ఇంధనంలోని గంధకం చేసే చెరుపు ఎంతో, దానికి సముద్రపు క్లోరైడ్ తోడైతే పెరిగేది ఎంతో పక్కపక్కన కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ పోలికే ప్రాజెక్టుకు ప్రాణం.

సూర్యలంక బీచ్ నుంచి సముద్రపు నీళ్లు తెచ్చి వాడొచ్చా అని కొందరు అడుగుతుంటారు. తేవచ్చు, కానీ అందులో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా ఉంటాయి. వచ్చిన ఫలితాన్ని ఎవరి ఫలితంతోనూ పోల్చలేరు. ముందు ఏఆర్ గ్రేడు (ల్యాబు విశ్లేషణకు తగినంత శుద్ధమైన) రసాయనాలతో సిరీస్ పూర్తిచేసి, సమయం మిగిలితే అప్పుడు చూడండి.

లోహం ముక్క

అందరూ ఇన్‌కోనెల్ 718 వైపు పరుగెడతారు, తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి. అది ప్రధానంగా డిస్కులకు, 650 డిగ్రీల దరిదాపు పనికి పుట్టిన లోహం. 900 దగ్గర దాన్ని పరీక్షించడం నేరమేమీ కాదు, కానీ "టర్బైన్ బ్లేడు లోహం" అని మాత్రం రాయకండి. బ్లేడు కథ చెప్పాలంటే నిమోనిక్ 80ఏ, దహన గది కథ చెప్పాలంటే హాస్టెలాయ్ ఎక్స్ నయం. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానీ తయారుచేసే సూపర్‌నీ వరుసలో వీటికి సాటి లోహాలున్నాయి. ఎక్కడ కొన్నా మిల్ టెస్ట్ సర్టిఫికెట్ (లోహంలో ఏది ఎంతుందో తయారీదారు ఇచ్చే పత్రం) అడిగి తీసుకోండి. అందులో క్రోమియం శాతం చూడండి. క్రోమియం 15 శాతం పైబడితే టైప్-1కు తట్టుకునే శక్తి పెరుగుతుంది, మాలిబ్డినం, టంగ్‌స్టన్ ఎక్కువైతే ఎదురు తిరుగుతుంది. ముక్క చేతికి రాగానే అయస్కాంతం పెట్టి చూడండి. నేను చెప్పిన మూడు లోహాల్లో ఏదీ అంటుకోదు. అంటుకుంటే మీకు వేరే సరుకు అంటగట్టారన్నమాట. అంటుకోకపోయినా పూర్తి భరోసా లేదు, కొన్ని స్టెయిన్‌లెస్ స్టీళ్లు కూడా అంటుకోవు.

కొలతలు 20 × 15 × 5 మిల్లీమీటర్లు పెట్టుకోండి. ఆరు ముఖాలూ కలిపి 950 చదరపు మిల్లీమీటర్లు, అంటే 9.5 చదరపు సెంటీమీటర్లు. ఆటోనగర్‌లో వైర్‌కట్ (కరెంటు పారే సన్నటి తీగతో కోత) చేసే షాపులో ఇస్తే అంచులు శుభ్రంగా వస్తాయి. అయితే వైర్‌కట్ కోసిన చోట కరిగి గడ్డకట్టిన పలుచని పొర మిగులుతుంది. దాన్ని 220 ఎమెరీ పేపర్ మీద పూర్తిగా తీసేయాలి. తర్వాత 400, 600, 800. అద్దంలా మెరిపించాల్సిన పనిలేదు, అన్ని ముక్కలూ ఒకే పేపర్ దగ్గర ఆగితే చాలు. పదునైన అంచులను కాస్త మొద్దు చేయండి, దాడి ఎప్పుడూ మూలల్లోంచే మొదలవుతుంది.

ఆ తర్వాత ఎసిటోన్‌లో, కుదిరితే అల్ట్రాసోనిక్ బాత్‌లో కడిగి ఆరబెట్టండి. ఎసిటోన్ సీసాను ఫర్నేసు ఉన్న గదిలోకి తీసుకురావద్దు. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

కడిగాక ముక్కను ఒట్టి చేత్తో తాకకండి. చెమటలో ఉండేది సోడియం క్లోరైడే. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండకు ల్యాబులో ముంజేతి నుంచి చెమట ధారకడుతుంటే, మీరు లెక్కపెట్టి పూసిన ఉప్పుకు మీ వేలిముద్ర ఉప్పు తోడవుతుంది. ఉప్పు పూయని కంట్రోల్ ముక్క మీద బొటనవేలి ఆకారంలో మచ్చ లేచిందంటే కారణం వేరే వెతకక్కర్లేదు. ఫోర్సెప్స్ వాడండి, చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

ఇప్పుడే మైక్రోమీటర్‌తో ఐదు చోట్ల మందం కొలిచి, ముక్క బొమ్మ గీసి, ఏ చోట ఎంతో రాసిపెట్టుకోండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. చివర్లో మీకు అన్నిటికంటే అక్కరకొచ్చే అంకె ఇదే.

ఉప్పు పూయడం

చదరపు సెంటీమీటరుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు వాడుక. 4 అనుకుంటే మన ముక్క మొత్తానికి 38 మిల్లీగ్రాములు. విభూతి పూసినంత పలచగా ఉండాలి. ఎక్కువ పూస్తే కరిగి కారిపోయి బోట్ (ముక్కను ఉంచే చిన్న అల్యూమినా పాత్ర) అడుగున చేరుతుంది, ముక్క మీద ఎంత మిగిలిందో మీకే తెలియదు.

రెండు లవణాలనూ ముందు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చండి. వానాకాలంలో ఈ మెట్టు దాటేయొద్దు. నిర్జల సోడియం సల్ఫేట్ 32 డిగ్రీల లోపు చల్లగా, తేమగా ఉన్న గాలిలో నీళ్లు పట్టుకుని హైడ్రేట్‌గా మారుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు నీరుకారుతుంది. డెసికేటర్‌లోని సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

7.5 గ్రాముల సల్ఫేట్, 2.5 గ్రాముల క్లోరైడ్ తూచి, డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లు చేయండి. ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల ఉప్పు ఉన్నట్టు. 38 మిల్లీగ్రాములకు 0.38 మిల్లీలీటర్లు చాలు. ఒక మిల్లీలీటరు సిరంజితో ఇది హాయిగా కొలవచ్చు. ముక్కను హాట్‌ప్లేట్ మీద 120 డిగ్రీల దగ్గర ఉంచి, చుక్క చుక్కగా వేస్తూ మెత్తని బ్రష్‌తో పరచండి. నీరు ఆరి తెల్లటి పొర నిలిచాక మళ్లీ వేయండి. ముఖాలన్నిటికీ సమంగా పంచండి. వేడి మరీ ఎక్కువైతే చుక్క అంటుకోకుండా గెంతుతుంది. స్ప్రే గన్ ఉంటే పొర ఇంకా సమంగా వస్తుంది, కానీ సగం ఉప్పు గాలిపాలవుతుంది.

పూశాక ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచి, డెసికేటర్‌లో చల్లార్చి తూచండి. పూతకు ముందు బరువుకు, తర్వాత బరువుకు తేడాయే ఉప్పు. మీరు వేయాలనుకున్న లెక్క ఎంతైనా, తూకంలో వచ్చిన అంకెనే రిపోర్టులో రాయాలి.

ఫర్నేసును నమ్మేముందు పరీక్షించండి

డిస్‌ప్లే మీద 900 కనిపిస్తే లోపల 900 ఉన్నట్టు కాదు. ఫర్నేసు థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జత) వెనక గోడ దగ్గర ఉంటుంది, మీ ముక్క మధ్యలోనో తలుపు దగ్గరో ఉంటుంది. వేరే కే-టైపు థర్మోకపుల్‌ను ముక్క పెట్టే చోటే ఉంచి పోల్చండి. ఇంకో చౌక ఉపాయం ఉంది. చిన్న అల్యూమినా క్రూసిబుల్‌లో చిటికెడు శుద్ధ సోడియం క్లోరైడ్ పెట్టి 790 దగ్గర పావుగంట ఉంచి, చల్లార్చి చూడండి. పలుకులు పలుకులుగానే ఉండాలి. మళ్లీ 812 దగ్గర పెడితే కరిగి గాజుబిళ్లలా గడ్డకట్టి ఉండాలి. సోడియం క్లోరైడ్ 801 దగ్గర కరుగుతుంది కాబట్టి ఇది పక్కా సాక్ష్యం. 790 దగ్గరే కరిగిపోతే మీ ఫర్నేసు చెప్పేదానికంటే వేడిగా ఉందన్నమాట.

గత ఏడాది ఎవరైనా అదే ఫర్నేసులో వనేడియం పరీక్షలు చేశారేమో కనుక్కోండి. గోడలకు, పలకకు పట్టిన అవశేషం మీ ముక్కల మీదికి రావచ్చు. అడుగున కొత్త అల్యూమినా పలక వేసి, ఖాళీ ఫర్నేసును 1000 దగ్గర కొన్ని గంటలు కాల్చండి.

అల్యూమినా బోట్లను కూడా ముందే, పరీక్ష ఉష్ణోగ్రతకు పైన, బరువు మారడం ఆగేదాకా కాల్చి చల్లార్చి తూచండి. కొత్త బోట్ తేమ వదులుతూ బరువు తగ్గుతుంటుంది. ఆ తగ్గుదల మీ ముక్క పెరుగుదలను మింగేస్తుంది.

సైకిళ్లు

మన దేశంలో ఈ పరీక్షకు స్థిరపడిన పద్ధతి: గంటసేపు ఫర్నేసులో, 20 నిమిషాలు బయట, ఇలా 50 సైకిళ్లు. ఒక్కో సైకిల్ 80 నిమిషాలు. రోజుకు ఎనిమిది గంటలు ల్యాబు తెరిచి ఉంటే ఆరు సైకిళ్లు పడతాయి, మొత్తం తొమ్మిది పనిదినాలు. తూకాలకు, ఆటంకాలకు ఇంకో వారం కలుపుకుని ల్యాబు బుక్ చేసుకోండి. ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుంటేనే సాగుతుంది.

ముక్కను బోట్‌లో సన్నటి అంచు మీద నిలబెట్టండి, రెండు పెద్ద ముఖాలకూ గాలి తగలాలి. బోట్‌తో సహా తూచండి. ఊడిన పెచ్చులు బోట్‌లోనే పడతాయి, అవి కూడా లెక్కలోకి రావాలి. ఇక్కడ సీలింగ్ ఫ్యానుతో జాగ్రత్త. బోట్ బయటికి తీయగానే ఆక్సైడ్ పొరలు చిటచిటమంటూ ఊడతాయి. తలమీద ఫ్యాను తిరుగుతుంటే ఆ పలుచని రేకులు బల్లంతా ఎగిరిపోతాయి. ఉక్కపోసినా సరే, చల్లారే 20 నిమిషాలూ, తూచేటప్పుడూ ఫ్యాను ఆపేయండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు తూచినా అంకె నిలవదు, వేడిగాలి పైకి లేస్తూ బరువు తక్కువ చూపిస్తుంది.

మధ్యలో కరెంటు పోతే ఆ సైకిల్‌ను లెక్కలోంచి తీసేసి, పోయిన సమయం, ఫర్నేసు ఎంతకు దిగిందో నోటుబుక్కులో రాయండి. దాచి "50 పూర్తయ్యాయి" అనడం కంటే "47 పూర్తి సైకిళ్లు" అనడం నయం.

కంట్రోల్ ముక్కను, అంటే ఉప్పు పూయనిదాన్ని, ఉప్పు పూసినవాటితో కలిపి ఒకే విడతలో పెట్టకండి. 900 దగ్గర సోడియం క్లోరైడ్ ఆవిరై పక్కముక్క మీద వాలుతుంది. కంట్రోల్ సిరీస్ ముందే ముగించండి. క్లోరైడ్ లేని సల్ఫేట్ సిరీస్ రెండోది, క్లోరైడ్ ఉన్నది ఆఖరు.

ఇంకో మాట. ఇంజిన్‌లో ఉప్పు నిరంతరం వచ్చి చేరుతుంటుంది. ల్యాబులో మీరు ఒక్కసారే పూస్తారు. ఆ ఉప్పు ఆవిరైపోయి, ప్రతిచర్యల్లో ఖర్చయిపోయాక దాడి నెమ్మదిస్తుంది. అందుకే ఒక జత ముక్కలకు ప్రతి పది సైకిళ్లకూ మళ్లీ అంతే ఉప్పు పూసి చూడమంటాను. ఆ వక్రరేఖ వేరేగా ఉంటుంది, ఇంజిన్‌కు అదే దగ్గర.

బరువు చెప్పేది, చెప్పనిది

బరువు పెరుగుదలను వైశాల్యంతో భాగించి సైకిళ్ల సంఖ్యకు ఎదురుగా గీస్తారు. దాని వర్గం కాలానికి సరళరేఖలో వస్తే పారాబోలిక్ రేటు స్థిరాంకం లెక్కిస్తారు. సరళరేఖలో రాకపోతే బలవంతంగా గీత గీయవద్దు. పొర పగులుతూ ఊడుతూ ఉంటే పారాబోలిక్ నియమం వర్తించదు, ఆ సంగతే మీ ఫలితం.

మొదటి కొన్ని సైకిళ్లలో బరువు తగ్గితే కంగారుపడకండి. 4 మిల్లీగ్రాముల పూతలో క్లోరైడ్ 1 మిల్లీగ్రాము. అది ఆవిరైతే చదరపు సెంటీమీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా తగ్గుతుంది. అదే సమయంలో ఆక్సిజన్ చేరి బరువు పెరుగుతుంటుంది. మీకు కనిపించేది ఈ రెంటి తేడా మాత్రమే. అందుకే బరువు ఒక్కదాన్నే పట్టుకుని "ఈ లోహం మేలు" అని తీర్పు చెప్పవద్దు. బ్లేడు ఆయుష్షును తేల్చేది, చెడకుండా మిగిలిన లోహం మందం.

కోసి చూడండి

ముక్కను రెజిన్‌లో మౌంట్ చేసి అడ్డంగా కోయండి. కోతకు, పాలిషింగ్‌కు నీళ్లు వాడితే కరిగే సల్ఫేట్లు, క్రోమేట్లు కొట్టుకుపోయి మీ సాక్ష్యమే మాయమవుతుంది. కిరోసిన్ గానీ నీళ్లు లేని ఆల్కహాల్ గానీ వాడండి, మంట దగ్గర లేకుండా చూసుకోండి.

మైక్రోస్కోపు కింద బయటి నుంచి లోపలికి వెళ్లండి. పైన మందమైన, గుల్లగా ఉన్న ఆక్సైడ్. నికెల్ ఆక్సైడ్ ఎక్కువైన చోట కంటికే ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. దాని కింద క్రోమియం తరిగిపోయిన పట్టీ. ఇంకా కింద, లోహం లోపల, బూడిదరంగు చుక్కలు చెదిరినట్టుంటాయి, రేణువుల సరిహద్దుల వెంట మరీ ఎక్కువ. అవే క్రోమియం సల్ఫైడ్లు, టైప్-1 వేలిముద్ర. అవునో కాదో సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) ఈడీఎస్ మ్యాప్, అంటే ఏ మూలకం ఎక్కడుందో చూపే పటం, తీస్తే తేలుతుంది, గంధకం, క్రోమియం ఒకే చోట వెలగాలి. ఏ సమ్మేళనాలు ఏర్పడ్డాయో ఎక్స్‌రేలతో తేల్చే ఎక్స్ఆర్‌డీని ఈ కోత మీద కాకుండా, కోయకముందే ముక్క ఉపరితలం మీద తీయించుకోండి.

ఇప్పుడు మందం లెక్క. సల్ఫైడ్ చుక్కలు కూడా లేని, చెక్కుచెదరని లోహం ఎంత మిగిలిందో కొలవండి. ఉదాహరణకు మొదట 5.012 మిల్లీమీటర్లు ఉండి, ఇప్పుడు 4.872 మిగిలిందనుకోండి. తేడా 0.140, రెండు వైపులకు పంచితే ఒక్కో వైపు 0.070 మిల్లీమీటర్లు, అంటే 70 మైక్రాన్లు. సగటుతో పాటు, అన్నిటికంటే లోతుగా తిన్న చోటును కూడా రాయండి. బ్లేడు విరిగేది అక్కడినుంచే.

లోహాన్ని కాపాడే రక్షణ పూతలతో పోల్చాలనుకుంటే హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ వంటి పరిశోధన సంస్థల ద్వారా పూత వేయించుకోవాలి, అందుకు సెమిస్టర్ మొదట్లోనే ఉత్తరం రాయాలి. పూత వేసిన ముక్కకు ఆరు వైపులా పూత ఉండాలి, లేకపోతే ఒట్టి అంచులోంచి ఉప్పు దూరి ఫలితం పాడవుతుంది.

పసుపు మరక

పరీక్ష ముగిశాక బోట్ అడుగున, ముక్క ఆనిన చోట పసుపు మరక కనిపించవచ్చు. అది సోడియం క్రోమేట్. లోహంలోని క్రోమియం ఉప్పులోకి కరిగి అక్కడ చేరిందని మీ కంటికి దొరికిన రుజువు, కాబట్టి ఫొటో తీసి రిపోర్టులో పెట్టండి. అయితే అది హెక్సావలెంట్ క్రోమియం, క్యాన్సర్ కారకం. గ్లవ్స్, మాస్కు లేకుండా బోట్‌ను తాకవద్దు, ఊడిన పెచ్చులను ఊదవద్దు. బోట్ కడిగితే నీళ్లు పసుపెక్కుతాయి. ఆ నీళ్లను సింకులో పారబోయకుండా మూత గట్టిగా ఉన్న సీసాలో పట్టి, మీద "క్రోమేట్" అని, తేదీతో రాసి కెమిస్ట్రీ విభాగానికి ఇవ్వండి. ఆమ్లంలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపి దాన్ని అంత హానిలేని ట్రైవలెంట్ రూపానికి మార్చే పద్ధతి వాళ్లకు తెలుసు. వాడిన ఎమెరీ పేపర్లు, పాలిషింగ్ కిరోసిన్ కూడా విడిగా కట్టి అదే దారిలో పంపండి. కోయగా మిగిలిన సగం ముక్కలను పేర్లు రాసిన కవర్లలో పెట్టి డెసికేటర్‌లో ఉంచండి. వైవా రోజు ఎగ్జామినర్ అడిగినా, వచ్చే ఏడాది జూనియర్లు మరో చోట కోసి చూడాలన్నా అవి కావాలి.